నూట ఇరవై గీతలు

తలుపు మీద రేకు బిళ్ళ కొట్టి ఉంది. ‘ఇది కాథలిక్కుల ఇల్లు. వేరే బోధలు మాకు అక్కర్లేదు.’

ఎల్డన్ పెట్టె దించి ఆ రాత రెండుసార్లు చదివాడు. కాలేజీ వాళ్ళిచ్చిన చీటీలో ఉన్నది ఆ ఇంటి నంబరే. స్పానిష్ చదువుకుందామని కాన్సస్ నుంచి మెక్సికో వచ్చిన బాప్టిస్టు కుర్రవాడికి దొరికిన బస అది.

తలుపు తీసింది ఇంటావిడ, దోన్యా కాసిల్దా. యాభై దాటిన మనిషి. నల్ల శాలువా. అతని చంకలోని బైబిలు చూసి, గుమ్మంలో తేలు కనపడ్డట్టు మొహం పెట్టింది.

“హల్లెలూయావి నువ్వేనా? కాళ్ళు తుడుచుకుని రా.”

ఆ ఊళ్ళో అతని మతం వాళ్ళకు అదే పేరు. అతని అసలు పేరు ఆవిడ నోట ఒక్కనాడూ రాలేదు.

ఇంట్లో ఉండేది ఆవిడ, కొడుకు హసింతో. రెండేళ్ళ కిందట వెండి గని కూలితే మూడు రోజులు మట్టికింద ఉండి బతికి బయటపడ్డవాడు. కర్ర పట్టుకుని నడుస్తాడు. మాట తక్కువ.

మొదటి రోజు మధ్యాహ్నం ఎల్డన్ తినబోయే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. కాస్త పొడుగైంది. ఆవిడ గరిటెతో బల్ల మీద కొట్టింది.

“అయ్యాయా కబుర్లు? రొట్టెలు చెక్కలైపోతున్నాయి.”

అతను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని, పళ్ళు బిగించి చూసింది. తినడం అయ్యాక లేచి సుద్దముక్కతో వంటింటి తలుపు మీద ఒక గీత గీసింది. మర్నాడు ఇంకొకటి. అతను వెళ్ళిపోవడానికి ఇంకా ఎన్నాళ్ళని లెక్క కాబోలు అనుకున్నాడు ఎల్డన్. అతని చదువు నూట ఇరవై రోజులు.

ఆ ఇంట్లో అతనికి మంచిమాట పుట్టలేదు. ఈల మీద కీర్తన పాడితే, పెరట్లో కోళ్ళు గుడ్లు మానేస్తాయంది. బల్ల మీద మరిచిపోయిన కరపత్రాలను పట్టకారుతో తీసి పొయ్యిలో పెట్టింది. పొరుగమ్మతో గోడ మీదుగా, “మా ఇంట్లో సైతాను మేనల్లుడు దిగాడమ్మా” అని అతనికి వినపడేట్టే చెప్పింది.

ఇరవై గీతలయ్యాక అతను కాలేజీ ఆఫీసుకు వెళ్ళి వేరే ఇల్లు చూపించమన్నాడు. రెండు రోజులాగి మళ్ళీ వెళితే అక్కడి గుమాస్తా నవ్వింది.

“ఇల్లు మారాలంటే ఆవిడ సంతకం కావాలి. అడిగి చూశాం, చచ్చినా పెట్టనంది. అయినా నిన్ను ఏరుకున్నది ఆవిడే కదయ్యా. మీలో బాప్టిస్టు ఎవడని అడిగి మరీ ఏరుకుంది.”

ఎల్డన్ దారి పొడుగునా ఆలోచించాడు. తనను మతం మార్చాలని చూస్తోందన్నమాట. సరే, ఎవరు ఎవరిని మారుస్తారో చూద్దాం. ఆ ఇంటి మనసు తిప్పకుండా ఊరు వదలనని తల్లికి ఉత్తరం రాశాడు.

కానీ ఆవిడ ఒక్క ముక్కా బోధించలేదు. తిట్టడం, పెట్టడం, అంతే. పెట్టడం మాత్రం మానేది కాదు. ఒకనాడు అతను స్నేహితులతో ఊరి చౌకులో తినబోతుంటే శాలువా ఎగరేసుకుంటూ వచ్చింది.

“నడు ఇంటికి. బల్ల దగ్గర కూర్చో.”

స్నేహితులు పగలబడి నవ్వారు. ఎల్డన్ తలవంచుకుని వెంట నడిచాడు.

పండగ నాడు ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కాథలిక్కుల గుడి మెట్లెక్కడం చూశాడు. రాతి మీద నెత్తురు మరకలు. భోజనం దగ్గర ఉండబట్టలేక అడిగాడు, దేవుడికి మోకాళ్ళ చర్మం ఎందుకని. హసింతో చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

ఆవిడ మాత్రం అరవలేదు. “మోకాళ్ళదేముందోయ్. ఆ మెట్లు రోజుకు పదిసార్లు ఎక్కమన్నా ఎక్కుతాను,” అని చిక్కుళ్ళు ఇంకో గరిటె వేసింది. “తిను.”

తొంభయ్యో రోజు దాటాక అతనికి జ్వరం తగిలింది. లేవలేకపోయాడు. ఇవాళ భోజనం వద్దన్నాడు. ఆవిడ మొహం పాలిపోయింది. గబగబా వెళ్ళి కొడుకును పిలిచింది. హసింతో కర్ర గోడకు ఆనించి ఒక కొస పట్టాడు, ఆవిడ రెండో కొస పట్టింది. ఇద్దరూ బల్లనే మోసుకొచ్చి మంచం పక్కన వేశారు. ఆవిడ ఎదురుగా కూర్చుని, అతని చేత చెంచాతో కోడిపులుసు తాగించింది.

“నాలుగు చెంచాలైనా దిగాలి. నా మీద ఒట్టు.”

ఎల్డన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రాయి కరిగిందని తల్లికి మళ్ళీ ఉత్తరం రాశాడు. తర్వాత ఆవిడ ఎంత తిట్టినా అతని చెవికి అది ముద్దుగానే తోచింది.

ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆవిడ నూట ఇరవయ్యో గీత గీసింది. అన్నీ వేలితో ఎంచి, తడిగుడ్డతో తుడిచేసింది. బట్టలో చుట్టిన పలక లాంటిది అతని చేతికిచ్చి గుడిదాకా మొయ్యమంది. ఎల్డన్ ఏ రోజూ గడప దాటని గుడి. ఇవాళ ఆవిడ కోసం దాటాడు. తన కోసం ప్రార్థన చేయిస్తుంది కాబోలు అనుకున్నాడు.

వ్యాకుల మాత విగ్రహం పక్క గోడనిండా రేకు బొమ్మలున్నాయి. మొక్కు తీరినవాళ్ళు తమ కథ బొమ్మగా వేయించి, కింద నాలుగు మాటలు రాయించి తగిలించినవి. హసింతో మేకు కొట్టాడు. ఆవిడ బట్ట విప్పి తన రేకు తగిలించింది.

రంగులు కొత్తవి. పైన కూలిన గని, మట్టిలోంచి చాచిన చెయ్యి. కింద భోజనపు బల్ల. బల్లకు ఒకవైపు కళ్ళు మూసుకుని చేతులు జోడించిన పచ్చజుట్టు కుర్రవాడు. ఎదురుగా నల్ల శాలువాలో, పళ్ళు బిగించిన ఆడమనిషి.

ఎల్డన్ నవ్వుతూ దగ్గరికి వెళ్ళాడు. అడుగున రాసింది కూడబలుక్కుని చదివాడు.

‘మట్టిలోంచి నా హసింతోను తిరిగి ఇచ్చావు, మోకాళ్ళ మీద రావడం నాకు తేలిక గనుక అన్నిటికంటే కష్టమైనదే మొక్కుకున్నాను తల్లీ, ఒక హల్లెలూయాను నూట ఇరవై రోజులు నా బల్ల దగ్గర ఎదురుగా కూర్చోబెట్టుకుని భోజనం పెట్టాను.’