టిక్కుకీ టప్పుకీ మధ్య

తొమ్మిదో ఫొటోలోనూ తొమ్మిదిమంది కళ్ళు మూసుకున్నారు.

ఇంటిల్లిపాదీ కలిపి పదిమంది. ఓడలో వంటవాడుగా పనిచేసే రెండో కొడుకు ఒంటిగంటన్నర రైలెక్కితే మళ్ళీ రెండేళ్ళకి గానీ రాడు. ఈలోపు అందరూ కలిసి ఒక ఫొటో దిగాలని పెద్దావిడ పట్టు. పన్నెండేళ్ళ కిందట దిగిన ఆఖరి ఫొటోలో ఆవిడ భర్త కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మరొకటి దిగుదామనుకునేలోపే ఆయన పోయాడు. ఆ కొరత ఆవిడ మనసులో అలాగే ఉండిపోయింది. అందుకే స్టూడియోలో అడుగుపెడుతూనే, ఒక్కరి కళ్ళు మూతపడినా ఒప్పుకోనని ఫొటోగ్రాఫరుకు చెప్పేసింది.

పెద్ద మనవరాలి భుజం మీద చెయ్యి వేసి దర్జాగా నడిచొచ్చి మధ్య కుర్చీలో కూర్చుంది. అందర్నీ ఒక్కొక్కరుగా దగ్గరికి పిలిచి, తల నిమిరి, కాలరు సవరించి పంపింది. ఓడ ఉద్యోగం చేసే కొడుక్కి కూడా ఊడిన బొత్తం పెట్టింది.

ఫొటోగ్రాఫరుకు ఈ పని కొట్టినపిండి. కొత్తదల్లా పక్కగోడ దగ్గర స్టాండు మీద నిలబెట్టిన పెద్ద ఫ్లాష్. దానికి వైర్లూ గీర్లూ లేవు. కెమెరా నెత్తిన ఉన్న చిన్న ఫ్లాష్ మెరిస్తే, దాన్ని పసిగట్టి ఆ వెనకే పెద్దది వెలుగుతుంది. ఇది కన్ను కొడుతుంది, అది అందుకుంటుంది అని అతను గొప్పగా చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లోనూ ఇదే పద్ధతి ఉండేదని పెద్దకొడుకు అన్నాడు. పెద్దకోడలు అతని కాలు తొక్కింది.

ఫొటో మాత్రం కుదరడం లేదు. నవ్వమంటే నవ్వుతున్నారు, కదలొద్దంటే కదలడం లేదు. తీరా చూస్తే తొమ్మిదిమందీ ధ్యానంలో ఉంటున్నారు. పెద్దావిడ ఒక్కతే నిటారుగా, కళ్ళు బాగా తెరుచుకుని కూర్చుంటోంది.

పన్నెండు దాటింది. ఫొటోగ్రాఫరుకు ఓపిక నశించింది.

“ఆవిణ్ణి చూసి నేర్చుకోండి. ఈ వయసులో కూడా ఆ చూపు చెక్కుచెదరడం లేదు” అన్నాడు.

కోడళ్ళిద్దరూ కిసుక్కుమన్నారు. పక్కనే నిలబడ్డ చిన్న మనవడు ఏదో చెప్పబోతే పెద్దావిడ గిల్లింది. పొగడ్త ఆవిడకి నచ్చినట్టుంది. తన పని చూసి నవ్వుతున్నారనుకుని ఫొటోగ్రాఫరుకు ఒళ్ళు మండిపోయింది.

పన్నెండో ఫొటో కూడా అంతే అయ్యాక పెద్దావిడే నోరు విప్పింది.

“నీ ఫ్లాష్ రెండుసార్లు కొడుతోంది బాబూ. ముందు టిక్కుమంటోంది, ఆ వెంటనే టప్పుమంటోంది. మావాళ్ళు టిక్కుకే బెదిరిపోయి, టప్పు వచ్చేసరికి కళ్ళు మూసేస్తున్నట్టున్నారు.”

ఫొటోగ్రాఫరు కెమెరాని తిప్పి చూసి నాలిక్కరుచుకున్నాడు. చిన్న ఫ్లాష్ కన్ను కొడుతున్నది పెద్దదానికి ఒక్కదానికే కాదు, ఎదురుగా ఉన్నవాళ్ళందరికీ. జేబులోంచి ఒక విజిటింగ్ కార్డు తీసి దాని ముందు ఏటవాలుగా అడ్డుపెట్టాడు. ఇప్పుడు ఆ మెరుపు ముఖాల మీద పడకుండా పక్కకు మళ్ళి గోడ దగ్గరున్న పెద్దదానికే అందుతుంది.

పదమూడోసారి నొక్కాడు. కెమెరా తెర మీద ఒక్కొక్క ముఖాన్నీ పెద్దది చేసి చూసుకున్నాడు. చూస్తున్నకొద్దీ అతని ముఖం విప్పారింది. ఇన్నేళ్ళ అనుభవంలో తనకు తట్టనిది ఆవిడ కూర్చున్నచోటు నుంచే కనిపెట్టింది. ముందుగా ఆవిడకే చూపించాలనిపించింది. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని కెమెరాని భక్తిగా ముందుకు చాపాడు.

పెద్దావిడ తల దించలేదు. ఆత్రం ఆపుకోలేక అతన్నే అడిగింది.

“అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయా లేదా నువ్వే చెప్పు బాబూ, నాకు చూపు పోయి పదేళ్ళయింది.”