మజ్నా పేరు

నా భార్య మజ్నా పేరును మావాళ్లు వంశపత్రంలో ఎక్కించనివ్వలేదు. బిడ్డల్లేని మనిషికి పేరెందుకన్నారు. ఆమె చనిపోయిన ఏడాదికి, చీకటి పడ్డాక, తరీమ్‌లో వంశాలు రాసే అవద్ ఇంటికి, ఆ పేరు రాయించడానికి నేనే వెళ్లాను. ముసలాయనకి చూపు మందగించింది.

"మళ్లీ నువ్వెందుకయ్యా సల్మీన్? మీ అన్న ఇప్పుడేగా రాయించుకెళ్లాడు! అన్నదమ్ములకి మాటల్లేవా?"

నాకు అన్న లేడు. పత్రాన్ని దీపం దగ్గరకు జరిపాను. మా నాన్న పేరు కింద, నాకంటే ముందు, కరామా అని ఉంది. పక్కనే పాత సిరాతో, పసితనంలోనే చనిపోయాడని రాసి ఉంది. దాని కింద సిరా ఇంకా ఆరలేదు. భార్య మజ్నా. కొడుకు ఒకడు.

"ఆవిడా వచ్చింది. బిడ్డనెత్తుకుని బయటే నిలబడింది," అన్నాడు అవద్.

తలుపవతల పసివాడు ఏడ్చాడు. "ఊరుకో నాన్నా," అంది మజ్నా.

తలుపు తీశానా అని అడగకండి. ఈ సంగతి ఇక నా నోట రాదు.