ఫోన్ పెట్టేసిన మనిషి

"నలభయ్యో నంబరు బంగారం అమ్మా," అన్నారు గైడు గారు, ఒక ఫారం ప్రింటు పైకెత్తి చూపిస్తూ.

పరిశోధకురాలు తలూపింది. ఇరవై రోజుల సెలవు తర్వాత ఆ రోజే డిపార్ట్‌మెంటుకొచ్చింది. ఎవరో తెచ్చిపెట్టిన టీ ఎదురుగా చల్లారి తొరక కట్టింది. తాగాలని గానీ, పక్కన పెట్టాలని గానీ ఆమెకు తోచలేదు.

జర్నలిజం విభాగంలో ఆమె పని ఇది. అయినవాళ్ళ గొంతును యంత్రంతో అచ్చుగుద్దినట్టు తయారుచేసి, "ఆపదలో ఉన్నాను, ఆదుకో" అని ఫోన్లు చేసే మోసాలు పెరిగిపోయాయి. అలాంటి కాల్ వస్తే జనం ఎందుకు నమ్ముతున్నారు, ఎప్పుడు అనుమానిస్తున్నారు? అది తేల్చడానికి అలాంటి కాల్ వచ్చిన నలభై మంది చేత కంప్యూటర్లో ఫారాలు నింపించింది. ఫారం మీద పేరుండదు, నంబరే. ఏ నంబరు ఎవరిదో గైడుకి కూడా చెప్పకూడదని నియమం.

ముప్పై తొమ్మిది మంది నిక్షేపంగా బోల్తా పడ్డారు. ఒక దర్జీ అల్లుడి గొంతు విని, మెడలో టేపుతోనే బస్టాండుకి పరిగెత్తాడు. అల్లుడేమో ఇంట్లో గురక పెడుతున్నాడు. ఒక రిటైర్డ్ లెక్కల మేష్టారైతే కూతురనుకుని యంత్రానికి ముప్పావుగంట ధైర్యం చెప్పాడు.

నలభయ్యో మనిషి దగ్గర మాత్రం ఆ పప్పులుడకలేదు.

గైడు గారు కళ్ళజోడు సవరించుకుని ఉత్సాహంగా చదివారు. "కొత్త నంబరు నుంచి కాల్. దగ్గరి బంధువు గొంతు. నా నంబరు మారింది, బైక్ జారి పడ్డాను, ఇక్కడ ఎవరూ లేరు, ఎవరినైనా పంపు అంటోంది. ఈ మనిషి కంగారు పడలేదు చూడు. చిన్నప్పుడు మనింట్లో పెంచిన కుక్క పేరేంటని అడిగారు. 'జవాబు చెప్పలేదు, ఊపిరందనట్టు నటించాడు' అని రాశారు. పంతొమ్మిది సెకన్లలో ఫోన్ పెట్టేసి, నంబరు బ్లాక్ చేశారు. పావుగంటలో మన ఫారం కూడా నింపేశారు. కింద ఈ ముక్క చదివావా? 'నన్ను మోసం చేయడం అంత తేలిక కాదు.' ఈ పొగరు నాకు తెగ నచ్చింది."

"దాన్ని తీసేద్దాం సర్."

"తీసేయడమా? పత్రికవాళ్ళు రేపు మొదటి పేజీలో బాక్స్ కట్టి వేస్తోంది దీన్నే కదా. అడగండి, పెట్టేయండి, బ్లాక్ చేయండి. మూడే ముక్కలు. నీ పేరుతో లక్షల ఇళ్ళకు వెళ్తుంది."

"అందుకే సర్. నలభై మందిలో ఒక్కరు. ఒక్కరిని చూసి ఊరందరికీ చెప్పడం పద్ధతి కాదు."

"పద్ధతులు నాకే నేర్పిస్తున్నావా?" గైడు గారు నవ్వారు. "జనం ముందు అనుమానించడం నేర్చుకోవాలని రెండేళ్ళుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నువ్వేనమ్మా. తీరా పేరొచ్చే వేళకి నువ్వే వెనక్కి లాగితే ఎలా?"

కిటికీ బయట మాలి ఒకే కుండీకి పదే పదే నీళ్ళు పోస్తున్నాడు. ఆమె అతన్నే చూస్తూ కూర్చుంది.

గైడు గారు గొంతు తగ్గించారు. "ఇంట్లో అంత కష్టం వచ్చింది. మనసు కుదుటపడలేదు, తెలుసు. ఇంకో వారం ఆగి రావాల్సింది. కానీ దీన్ని మాత్రం ఆపకు. రేపు ఇది చదివి ఎన్ని కొంపలు నిలబడతాయో ఆలోచించు."

ఇంతలో ఆమె ఫోన్ మోగింది. పత్రిక నుంచి సబ్ ఎడిటర్.

"మేడం, ఐదింటికి పేజీ అచ్చుకి వెళ్ళిపోతుంది. పావుగంటే టైముంది. మీరు సరే అనేస్తే మేం కానిచ్చేస్తాం."

"పది నిమిషాల్లో చెప్తాను," అంది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

గైడు గారు ఫారం రెండో పేజీ తిప్పి, నొసలు చిట్లించారు. "అరే, ఆఖరి గడి ఖాళీగా ఉందే. 'తర్వాత ఆ బంధువుతో మాట్లాడి, కాల్ నకిలీదని నిర్ధారించుకున్నారా?' ఇది లేకుండా వేస్తే రేపెవరో ఒకరు మన పీక పట్టుకుంటారు. ఆ మనిషి ఫోన్ నంబరు నీ దగ్గర ఉంటుందిగా. ఓ ఫోన్ కొట్టి కనుక్కో. రెండు నిమిషాల పని."

"కనుక్కోనక్కర్లేదు సర్."

"మరి?"

"ఇలా ఇవ్వండి, నింపేస్తాను."

ఆయన ఫారం ఆమె ముందుకు జరిపి, తన పెన్నే తీసి ఇచ్చారు. తన మాట నెగ్గినందుకు ఆయనకు సంతోషంగానే ఉంది.

ఆమె పెన్ను మూత తీసి, ఆ గడిలో నెమ్మదిగా రాసింది: "మాట్లాడలేదు, ఆ కాల్ చేసింది నిజంగా మా తమ్ముడే, నేను ఫోన్ పెట్టేశాక గంటసేపు బతికే ఉన్నాడట."