ఏమీ తెచ్చుకోం

"కాగితాలాయన మళ్లీ వస్తున్నాడే!" వీధి మొదట్నుంచే అత్త కేకేసింది.

కోడలు అల్లుతున్న చాపను చుట్టి మంచం కిందికి తోసింది. చేపలు పట్టే బుట్ట అటకెక్కింది. పొయ్యి మీది ఆకుకూర మీద మూత పడింది. ఆయన రావడం ఇది మూడోసారి, ఇద్దరికీ చేతులు అలవాటైపోయాయి.

ఊరి వెనక చిత్తడి నేల ఉంది. అందులో పెరిగే తుంగతో చాపలల్లి కోడలు ఇల్లు నడుపుతోంది. కూర, చేపలు, గేదెకి గడ్డి, అన్నీ అక్కడివే.

ఆ సంగతి బయటికి పొక్కకూడదని వీధంతా ఒట్టు పెట్టుకుంది. పోయినేడు ఎవరో వచ్చి చెరువులో చేపలెన్ని దొరుకుతాయని అడిగితే నోరారా చెప్పారు. నెల తిరక్కుండా చెరువు వేలంలో పోయింది.

వచ్చినాయన గుమ్మం బయట చెప్పులు విడిచాడు. మోకాళ్ల దాకా బురద. ఎండకి మొహం వాడిపోయి ఉంది.

అలవాటు కొద్దీ కోడలు చాప వేసింది. వేశాక నాలిక కరుచుకుంది.

ఆయన కూర్చుని చాప అంచు తడిమాడు.

"ఇది ఇక్కడి తుంగేనా అమ్మా?"

"కాదు బాబూ. సంతలో కొన్నాం," అంది కోడలు.

"చేపలు?"

"మా ఒంటికి పడవు."

అటక మీది బుట్టలోంచి నీటిబొట్టు ఒకటి ఆయన చేతిలో కాగితం మీద పడింది.

ఆయన తలెత్తి చూడలేదు. చొక్కా అంచుతో అద్దుకున్నాడు.

"అయితే చిత్తడి నుంచి మీ ఇంటికి ఏమీ రాదంటారు."

"ఎందుకు రావు? దోమలొస్తాయి," అంది అత్త.

ఆయన నవ్వబోయి ఊరుకున్నాడు.

"ఉన్నది చెప్పండమ్మా. లేకపోతే దాన్ని పూడ్చేస్తారు."

"చెరువప్పుడు తియ్యగా అడిగారు. ఇప్పుడు భయపెడుతున్నారు," అంది కోడలు. "మేమేమీ తెచ్చుకోం. రాసుకోండి."

"పోనీ, నేను రాసినదాని కింద సంతకమైనా పెడతారా?"

"చచ్చినా పెట్టం."

ఆయన లేస్తూ లేస్తూ, చాప అంచున ఊడివస్తున్న తుంగపోచను రెండు వేళ్లతో మడిచి పక్క పోచ కిందికి దోపాడు.

అల్లిక తెలిసిన చెయ్యే అలా దోపుతుంది. కోడలు చూసింది. చూసి కూడా చాప చుట్టేసింది.

"పీడ విరగడైంది," అంది అత్త, ఆయన వీధి మలుపు తిరగ్గానే.

రెండు నెలలకి లారీలొచ్చాయి. మట్టి మీద మట్టి దింపుతూనే ఉన్నాయి. తుంగ, గడ్డి, చేపపిల్లలు, అన్నీ దాని కిందే పోయాయి.

కోడలు చాప చంకన పెట్టుకుని మండలాఫీసుకి పరుగెత్తింది.

"మా బతుకంతా అందులోనే ఉంది సార్!"

గుమాస్తా నీరసంగా ఫైలు తెరిచాడు. పొద్దుట్నుంచి ఇదే మాట విని విని ఉన్నాడు.

"ఇప్పుడా చెప్పేది? పనికిరాని నేల అని పైనుంచి రాసి, పూడ్చడానికి ఇచ్చేశారు. ఆపమని ఒకాయన అర్జీ పెట్టి కాళ్లరిగేలా తిరిగాడు. దాని మీద బతికే ఇల్లు ఒక్కటి చూపించమన్నారు పైవాళ్లు. సంతకం ఉన్న కాగితం ఒక్కటీ తేలేకపోయాడు."

ఫైల్లో ఆమె ఇంటి కాగితం కూడా ఉంది. వారానికి చాపలు మూడు, చేపలు, ఆకుకూర, గేదెకి గడ్డి. అడిగి తెలుసుకోలేనిదంతా ఆయన కళ్లతో చూసి పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఓ మూల నీటిబొట్టు మరక. సంతకం చోటు ఖాళీ.

ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"ఇప్పుడు పెడతాను సార్, సంతకం."

"చెల్లదమ్మా."

"మరి ఆయన... మీ ఆఫీసు మనిషి కాదా?"

"ఆఫీసు మనిషేంటి? చాపలల్లుకునేవాడు. మా వసారాలో బెంచీ మీద కూర్చుని తన గోడు చెప్పుకునేవాడు." గుమాస్తా ఫైలు మూశాడు. "వాళ్ల ఊరి చిత్తడి పూడ్చకముందు ఎవరో ఇలాగే కాగితాలు పట్టుకుని వస్తే, 'ఏమీ తెచ్చుకోం, రాసుకోండి' అన్న మొదటి ఇల్లు ఆయనదేనట."