ఏరుడు తాత

"నా పొట్లంలోంచి ఏం తీశావు?"

టైలరమ్మ గొంతుకి మూలికల కొట్టు ముందు పోయేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు.

కొట్టు మెట్టు మీద కూర్చున్న ముసలాయన తలెత్తలేదు.

ఆయన్ని అందరూ ఏరుడు తాత అంటారు. కొట్లో ఎవరేం కొన్నా చెయ్యి చాపి పొట్లం తీసుకుంటాడు. పాత గుడ్డ మీద ఒంపుతాడు. ఒక్కో వేరూ విరిచి, వాసన చూసి, నాలిక చివర తాకించి ఉమ్మేస్తాడు. కొన్నిటిని తన సంచిలో వేసుకుని, మిగతావి మళ్ళీ కట్టి ఇస్తాడు. ఈ తతంగమంతా అయ్యేసరికి కొన్నవాళ్ళ ఓపిక కాస్తా హరించుకుపోతుంది.

"నిన్నే అడిగేది. ఏం తీశావు?"

"నాలుగు వేర్లు. అవి నీకొద్దులేమ్మా."

"వద్దో కావాలో చెప్పడానికి నువ్వెవరు? అక్కడ మా ఆయన ఒళ్ళంతా విషం పట్టి మూలుగుతున్నాడు. ఉన్న మందు కూడా నువ్వు నొక్కేస్తే ఆయనకేం గుణమొస్తుంది?"

విషం మాట అబద్ధం కాదు. ఆమె మొగుడు పదకొండేళ్ళుగా పాత బ్యాటరీలు కరిగించే కార్ఖానాలో పనిచేస్తున్నాడు. రక్తంలో సీసం చేరింది, ఆ పని మానేసి ఆసుపత్రిలో చేరమన్నాడు డాక్టరు. మొగుడు వింటేగా. "కషాయం తాగితే అదే కడిగేస్తుందిలే" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆమె రోజులు నెట్టుకొస్తోంది. ఆయన లేకపోతే తను లేదు, అంతే.

తాత ఒకసారి కొట్లో కూర్చున్న షావుకారు వైపు చూశాడు. షావుకారు చూపు తిప్పుకున్నాడు.

"దొంగని మెట్టు మీద కూర్చోబెట్టుకుని వ్యాపారం చేస్తున్నారా?" అంది టైలరమ్మ.

జనం పోగయ్యారు. షావుకారు లేచి వచ్చాడు.

"చాల్లే తాతా. రేపట్నుంచి ఈ మెట్టెక్కకు."

తాత గుడ్డ దులిపి మడతపెట్టుకున్నాడు. టైలరమ్మ ఊరుకుందా? ఆ సంచి లాక్కుని, పైనున్న తన నాలుగు వేర్లూ తీసి పొట్లంలో కలిపేసుకుంది.

అప్పుడు మాత్రం తాత రెండు చేతులూ జోడించాడు.

"వద్దమ్మా. నీకు దండం పెడతాను."

"దండాలు నీ దగ్గరే ఉంచుకో."

గెలిచినదానిలా ఇల్లు చేరింది.

మొదటిరోజు కషాయం తాగి మొగుడు వాంతి చేసుకున్నాడు.

"చూశావా, విషం బయటికొచ్చేస్తోంది," అంది సంబరంగా. ఆయన కూడా నీరసంగా నవ్వాడు.

రెండోరోజుకి కళ్ళు పచ్చబడ్డాయి.

"వదినా, నా మాట విను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం," అన్నాడు మరిది.

"నువ్వుండవయ్యా. గిన్నె తోమేటప్పుడు మురికి పైకి తేలదూ?"

గ్లాసుడు తాగించేదల్లా రెండు గ్లాసులు చేసింది. వద్దని తల తిప్పుకుంటే బుజ్జగించి, బతిమాలి, ముక్కు మూసి మరీ తాగించింది.

మూడోరోజు పొద్దున్నే ఆయన ఆమె మొహంలోకి చూసి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు, మరిది తెచ్చిన కషాయం పిప్పిని కెలికి చూశాడు.

"సీసం మూడు రోజుల్లో ఇలా చెయ్యదమ్మా. ఇందులో ఏదో చెడ్డ వేరు కలిసింది. అదేంటో తెలిస్తే ఇంకేమైనా చెయ్యొచ్చేమో. చెప్పగలిగినవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఉన్నాడు. ఒకే ఒక్కడు.

కాళ్ళకి చెప్పులైనా లేకుండా పరుగెత్తింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. దారి పొడుగునా ఒకటే అనుకుంది, ఆ ముసలాయన కాళ్ళు పట్టుకోవాలని.

మెట్టు ఖాళీగా ఉంది.

"తాతేడి?"

"ఆరోజు నుంచి రాలేదమ్మా," అన్నాడు షావుకారు.

"ఇల్లెక్కడ?"

"తెలీదు."

"పేరైనా చెప్పండి, వీధి వీధీ తిరిగి అడుక్కుంటాను."

షావుకారు తల దించుకున్నాడు.

"మీ దగ్గర ఇన్నేళ్ళు పనిచేసినవాడి పేరు తెలీదా?"

"నా పనివాడు కాదమ్మా. తనే వచ్చి కూర్చున్నాడు. అడవి సరుకులో అప్పుడప్పుడూ చెడ్డ వేరు కలిసొస్తుంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అది ఏరేసేవాడు. పదిమందిలో ఆ మాట అననని ఒట్టేయించుకుని కూర్చోనిచ్చాను."

"అంటే మీకు తెలుసు. నేనాయన్ని దొంగంటుంటే నోరు మూసుకున్నారు."



ఇంతలో ఫోను మోగింది. మరిది.

"వదినా, ఇంక పరుగెత్తకు. మెల్లగా రా."

టైలరమ్మ అలాగే మెట్టు మీద కూలబడిపోయింది. ఏడుపు రాలేదు. తనే కలిపింది. తనే కాచింది. తన చేత్తోనే తాగించింది. ఇంకెవర్ని తిట్టాలో తెలీలేదు.

ఎంతసేపు కూర్చుందో ఏమో. కొట్లోంచి ఒకావిడ పొట్లం పట్టుకుని మెట్టు దిగబోయింది. టైలరమ్మ చెయ్యి చాపి ఆ పొట్లం పట్టుకుంది.

"ఆగమ్మా. ఒక్కసారి విప్పనీ."

ఏది మంచి వేరో, ఏది చెడ్డదో ఆమెకి తెలీదు. అయినా పొట్లం వదల్లేదు.

"ఎవరండీ ఈవిడ?" అంది కొన్నావిడ విసుగ్గా.

షావుకారుకి తాత వచ్చిన మొదటిరోజు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట తాత కూడా ఇదే కొట్లో పెళ్ళానికి కొన్న పొట్లం చేత్తో పట్టుకుని, ఆ కషాయం తాగి ఆవిడ పోయిన రోజున, ఇదే మెట్టు మీద ఇలాగే కూలబడ్డాడు.