తుడుపు గుడ్డ

సబ్బునీళ్ళు నల్లబడే కొద్దీ తళతళమ్మకు హుషారు పెరిగింది. మురికి వదులుతోందనుకుంది.

తలెత్తి చూశాక తెలిసింది, మురికితో పాటు పటంలోని ముఖం కూడా వదిలిందని.

చర్చి ఊడ్చి తుడిచే ఆమెకు ఆ పేరు పిల్లలు పెట్టారు. ముప్పై ఏళ్ళుగా ఆమె చెయ్యి పడ్డ ఇత్తడి మెరవాల్సిందే. చర్చి వెనక గదే ఆమె ఇల్లు. అది పోతే తల దాచుకునే చోటు లేదు.

పాడయింది మామూలు పటం కాదు. సిలువ మోసుకెళ్తున్న ప్రభువు ముఖాన్ని ఒకామె గుడ్డతో తుడిస్తే, ఆ ముఖం గుడ్డ మీద అచ్చుపడిందంటారు. ఆ గుడ్డను రెండు చేతులా చాపి పట్టుకున్న ఆమె బొమ్మ అది. కొవ్వొత్తుల పొగకు మసిబారిందని తళతళమ్మ కడిగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇప్పుడు పటంలో ఆమె ఖాళీ గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది.

అది ఈస్టర్ పండుగకు ముందు, ఉపవాసాలుండే తపస్సు కాలం. ఫాదర్ అందరికీ ఒక పని పెట్టారు.

"రోజుకో గంట ఒక పటం ముందు కూర్చోండి. మీరు బొమ్మను చూడడం కాదు, బొమ్మ మిమ్మల్ని చూడనివ్వండి."

అదృష్టం కొద్దీ, పండుగకు ముందు రెండు వారాలు పటాలన్నిటికీ ఊదారంగు గుడ్డలు కప్పే ఆనవాయితీ ఉంది. ఆ సాయంత్రమే కప్పాలి. తళతళమ్మ ఆ పటానికి గుడ్డ కప్పడమే కాదు, అంచులు కూడా కుట్టేసింది. పండుగ ముందురోజు నాలుగింటికి ఫాదర్ కత్తెరతో విప్పుతారు. అందాకా గండం వాయిదా పడింది.

మర్నాడే బోర్డులు రాసే పెయింటర్ దగ్గరికి పరుగెత్తింది.

"ముఖం ఎలా ఉంటుంది?"

"గడ్డం ఉంటుంది బాబూ."

"కళ్ళు?"

ముప్పై ఏళ్ళు తుడిచిందే గానీ, కూర్చుని చూసిందెప్పుడు?

"ఒక్కసారి చూపించు పెద్దమ్మా, దించేస్తాను. చూడకుండా గీస్తే మా బావమరిది ముఖం వచ్చేస్తుంది."

చర్చిలో తీసిన పాత ఫోటోలు తిరగేసింది. అన్నిటిలోనూ ఆ చోట మసే.

ఆ మరుసటి మధ్యాహ్నం నుంచి ఒకాయన రావడం మొదలుపెట్టాడు.

కప్పేసిన ఆ పటం ముందు, రెండో బెంచీలో కూర్చునేవాడు. ఎప్పుడు వస్తాడో తెలియదు. నేల తుడుస్తూ తలెత్తితే అక్కడ ఉండేవాడు. ఆమెకు కనబడేది వీపే. చొక్కా కుడి భుజం దగ్గర చిరిగి, కింద చర్మం ఒరుసుకుపోయి ఉంది. మూటలు మోసేవాడు కాబోలు అనుకుంది. లోపలి రాతి గోడల చల్లదనానికి తను కొంగు కప్పుకుని పని చేస్తుంటే, ఆయన మెడ మీద చెమట కారేది.

"కప్పేసిన బొమ్మలో ఏం కనబడుతుందయ్యా?"

"కప్పకముందు మాత్రం ఎవరు చూశారు తల్లీ?"

ఆయన వెనక్కి తిరగలేదు. గొంతు మాత్రం చెవి పక్కనే వినబడింది.

ఈయనకు సంగతి తెలిసిపోయిందా?

ఆయన అటు వెళ్ళగానే తాళం వేసి, పరుగున వెళ్ళి ఫాదర్‌కి ఫిర్యాదు చేసింది. "ఆ మూటలాయన్ని మధ్యాహ్నాలు రానివ్వకండి ఫాదర్‌గారూ. చూపు మంచిది కాదు."

"చూపు చూశావా?"

"లేదు. వీపే చూశాను."

ఫాదర్ నవ్వారు. "మధ్యాహ్నం తాళం వేసి, చెవి నీ కొంగుకే కట్టుకుంటావుగా పెద్దమ్మా? ఎవరొస్తారు?"

వెనక్కి వచ్చి చూస్తే తాళం వేసే ఉంది. తీసి లోపలికి తొంగిచూస్తే, రెండో బెంచీలో వీపు అలాగే ఉంది.

పన్నెండు రోజులు గడిచాయి. గుడ్డ విప్పే రోజు వచ్చేసింది. మూడున్నర అయింది.

ఆయన తన ముందున్న బెంచీ చెక్కకు ముఖం ఆనించి, వంగి కూర్చున్నాడు.

"ఇంక లేవవయ్యా! ఫాదర్‌గారు వచ్చే వేళయింది."

ఆయన తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు.

"నీ చేతిలో ఆ గుడ్డ ఒకసారి ఇస్తావా తల్లీ? ముఖం తుడుచుకుంటాను."

పొద్దుటి నుంచీ ఆమె ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఉంది. ఆ భయమంతా కోపమై ఆ చేతి మీద విరుచుకుపడింది.

"ఇది చర్చి గుడ్డ. దారినపోయే వాళ్ళ చెమటకు కాదు. ముందు బయటికి నడు!"

చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళింది.

"సరే తల్లీ."

లేచి పక్క తలుపు వైపు నడిచాడు. కుడి భుజం కాస్త వంగి ఉంది. తలుపు తీసిన చప్పుడు గానీ, వేసిన చప్పుడు గానీ వినబడలేదు.

ఆయన ముఖం ఆనించిన చోట చెక్క తడిగా ఉంది.

"బంగారం లాంటి వార్నిష్ పాడుచేసి పోయాడు" అని గొణుక్కుంటూ, అటు చూడనైనా చూడకుండా ఒక్క తుడుపు తుడిచింది. గుడ్డను సబ్బునీళ్ళ బకెట్లో పడేసింది. ముప్పై ఏళ్ళ అలవాటు అది.

వరండాలో ఫాదర్ చెప్పుల చప్పుడు వినబడింది. వెనకే కత్తెర టిక్కుటిక్కుమంది.

ఇక ఫాదర్ కాళ్ళ మీదే పడదామనుకుంటూ ఆమె బకెట్ కేసి వంగింది.

నీళ్ళలో గుడ్డ నెమ్మదిగా విచ్చుకుంటోంది. దాని మీద గడ్డం కనబడింది. నుదురు కనబడింది. తిన్నగా ఆమెనే చూస్తున్న రెండు కళ్ళు కనబడ్డాయి.

తను పటంలో కడిగేసిన ముఖం అదేనని, పన్నెండు రోజులు తన ఎదుట కూర్చుని వెళ్ళింది ఆయనేనని తెలిసి, ఆమె గభాలున పైకి లాగేసరికి గుడ్డ మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది.