ఎర్ర దారపు ఈగ

"ఈక ఇంకాస్త కిందికమ్మా. ఇదేం జాకెట్టు హెమ్మింగ్ కాదు," నవ్వాడు ఏతాన్.

ప్రేమలీల దారం విప్పి మళ్లీ చుట్టింది. ఈ దేశం రాకముందు కాకినాడలో ఏళ్ల తరబడి కుట్టుమిషను తొక్కిన మనిషి. అయినా గాలానికి కోడి ఈక కట్టి, ఎర్ర దారం చుట్టి, చేపకి ఎరగా ఈగలా చెయ్యడం కొత్త.

పాతకాలపు అమెరికాలో ఒకాయన చేపల వేట మీద పుస్తకం రాశాడు. ఏతాన్ పీహెచ్‌డీ ఆయన మీదే. ఆ పుస్తకంలోని ఈ ఎర్ర ఈగ వట్టి కల్పన, దీనికి ఏ చేపా పడదని గైడు వాదన. పడుతుందని చూపిస్తేనే చివరి అధ్యాయం నిలుస్తుంది. థీసిస్ ఇవ్వడానికి రేపే ఆఖరు.

క్రెయిగీబర్న్ లేక్ ఒడ్డున గాలి కోసేస్తోంది. ప్రేమలీల ఒంటి మీద ఏతాన్ చలికోటు.

"నీకు చలెయ్యట్లేదురా?"

"లేదమ్మా. గాలం విసురు."

"నువ్వే విసరొచ్చుగా?"

"నీ చేత్తోనే పడాలి."

విసిరింది. ఈగ నీటి మీద తేలింది. అంతే. మళ్లీ విసిరింది. ఊహూ.

ఏతాన్‌తో యూనివర్సిటీలో చదివిన తెలుగమ్మాయి ఫేబీ ఫోను పట్టుకుని వెనకే నిలబడింది.

"ఆంటీ, చీకటి పడితే ఫొటో రాదు. ఆ చాప్టర్ తీసేసి సబ్మిట్ చేసేద్దాం, ప్లీజ్."

"ఒక్కసారి, తల్లీ."

"తుంగ పక్కకి, నీడలోకి," చెవి దగ్గర అన్నాడు ఏతాన్. "మెల్లగా."

ఈగ నీడలో వాలింది. నీళ్లు భళ్లుమన్నాయి. కర్ర వంగింది.

"ప్రభువా!"

"ప్రార్థన తర్వాత. ముందు లాగమ్మా!"

మచ్చల ట్రౌట్ చేప గడ్డి మీద ఎగిరెగిరి పడింది. దాని పెదవికి ఎర్ర దారం. ఫేబీ గబగబా ఫొటోలు తీసింది. ప్రేమలీల గాలం ఊడదీసి చేపను నీళ్లలోకి వదిలేసింది.

"తుంగ నీడలో వెయ్యాలని మీకెలా తెలుసాంటీ? ఆ పుస్తకంలో ఎక్కడో చివర్లో ఉందది."

"ఏతాన్ చెప్పాడు."

"ఆ ఇంగ్లీషంతా మీకర్థమైందా?"

"ఇంగ్లీషెందుకే? శుభ్రంగా తెలుగులోనే చెప్పాడు."

ఫేబీ ఫొటోలు చూడ్డం ఆపి తలెత్తింది.

అమ్మ ఎంత బతిమాలినా, బతికున్నన్నాళ్లూ ఏతాన్ ఒక్క ముక్క కూడా తెలుగులో మాట్లాడలేదు.